సంగటి ముద్దకూ, ఆడవాళ్ల హార్మోన్లకూ లింకేంటి? పేగుల్లో అసలు జరిగేది ఇదీ!

రాగి సంగటి, శనక్కాయల ఊరుబిండి. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఒకప్పుడు ఏ ఇంటికెళ్లినా కంచంలో ఇవే కనిపించేవి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటూ వాన పడే నేల, వరికి నీళ్లెక్కడివి? రాగి, కొర్ర, జొన్న, సజ్జలే తిండి. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం పథకం తెచ్చాక సీన్ మారింది. బియ్యం పేదల ఆకలి తీర్చాయి, అందులో డౌట్ లేదు. కానీ చాలా ఇళ్లలో మూడు పూటలా తెల్లన్నమే అయిపోయింది. ఈ మార్పు హార్మోన్ల దాకా వెళ్తుందంటే నమ్ముతారా?

మన పేగుల్లో లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటుంది. మనకు అరగని పీచు పదార్థమే అందులో చాలావాటికి భోజనం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం 100 గ్రాముల రాగుల్లో పీచు దాదాపు 11 గ్రాములు. పాలిష్ బియ్యంలో 3 గ్రాములు కూడా లేదు. అంటే తెల్లన్నం మనకు కడుపు నింపుతుంది గానీ, లోపలున్న వాటికి పెద్దగా ఏం మిగల్చదు.

ఇక ఈస్ట్రోజన్ సంగతి. అండాశయాల్లో తయారైన ఈ హార్మోన్ తన పని అయ్యాక లివర్‌కు చేరుతుంది. లివర్ దానికో సీల్ లాంటిది తగిలించి, పైత్యరసంతో కలిపి పేగుల్లోకి పంపేస్తుంది. మామూలుగా అయితే మలంతో బయటికి పోవాలి. కానీ కొన్ని బ్యాక్టీరియా దగ్గర బీటా గ్లూకురోనిడేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది ఆ సీల్ విప్పేస్తే ఈస్ట్రోజన్ మళ్లీ రక్తంలోకి వెళ్లిపోతుంది. ఈ పని చేసే బ్యాక్టీరియా గుంపుకు సైంటిస్టులు పెట్టిన పేరు ఎస్ట్రోబోలోమ్.

తిండి మారితే ఈ లెక్క కూడా మారుతుంది. 1982లో అమెరికాలోని బోస్టన్‌లో శాకాహార, మాంసాహార మహిళలను పోల్చి చూశారు. శాకాహారుల్లో మలం ద్వారా ఈస్ట్రోజన్ ఎక్కువగా బయటికి పోతున్నట్టు, రక్తంలో తక్కువగా ఉన్నట్టు తేలింది.

రూట్ రివర్స్‌లోనూ ఉంది. 2013లో కెనడా పరిశోధకులు మగ ఎలుకల పేగు బ్యాక్టీరియాను ఆడ ఎలుక పిల్లలకు ఎక్కిస్తే వాటిలో టెస్టోస్టిరాన్ పెరిగింది. టైప్-1 షుగర్ వచ్చే జాతి ఎలుకలవి, వాటికి ఆ జబ్బు నుంచి రక్షణ కూడా దొరికింది! 2014లో చేపల మీద చేసిన స్టడీలో ఇంకో విచిత్రం: ఒకే తిండి ఆడ చేపల బ్యాక్టీరియాను ఒకలా, మగ చేపలదాన్ని మరోలా మార్చింది. ఎలుకలు, చేపల్లో జరిగింది మనుషుల్లోనూ అచ్చం అలాగే జరుగుతుందని మాత్రం అనుకోకూడదు.

మన దగ్గర ఇది ఎందుకు ముఖ్యమంటే.. మెనోపాజ్ తర్వాత ఈస్ట్రోజన్ పడిపోతుంది. అమెరికాలో 2022లో వచ్చిన స్టడీ ప్రకారం, ఆ దశ దాటిన మహిళల పేగుల్లో బ్యాక్టీరియా రకాలు తగ్గి, మగవాళ్ల తీరుకు దగ్గరవుతాయి. భారతీయ మహిళలకు ఇది సగటున 46-47 ఏళ్లకే వస్తుంది. పైగా 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3.2 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. దేశంలోనే టాప్. ఇలాంటి టాప్ ఎవరికి కావాలి? ఆపరేషన్‌లో అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజన్ ఒక్కసారిగా పడిపోతుంది, ఎముకలు త్వరగా బలహీనపడతాయి. పొలం పనికి వెళ్లే మనిషికి ఇది చిన్న సమస్య కాదు.

100 గ్రాముల రాగుల్లో దాదాపు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, బియ్యంలో 10 కూడా ఉండదు. అలాగని సంగటి తింటే పోయిన హార్మోన్ తిరిగొస్తుందని కాదు. డాక్టర్ రాసిన మందులు ఆపేయమని అంతకన్నా కాదు. సంగటి చేసేది బ్యాక్టీరియాకు మేత వేయడం, ఎముకలకు కాస్త కాల్షియం అందించడం. షాపుల్లో దొరికే తెల్లగా పాలిష్ పట్టిన కొర్రల్లో ఆ పీచు చాలావరకు పోతుంది, కొనేముందు రంగు చూసుకోండి. అలవాటు లేనివాళ్లు ఒకేసారి మొదలుపెడితే కడుపు ఉబ్బరం, గ్యాస్ ఖాయం. రోజుకో పూటతో మొదలుపెట్టి, నీళ్లు బాగా తాగాలి. ఇంకోటి, నెలసరి ఆగి ఏడాది దాటాక మళ్లీ బ్లీడింగ్ కనిపిస్తే తిండితో సర్దుకుంటుందిలే అనుకోవద్దు, వెంటనే గైనకాలజిస్టును కలవాలి.