చావి విరిగిన చేతిగడియారము

మన ప్రాంతపు గృహములలో పెట్టె యడుగున, పట్టుబట్టల మడతల నడుమ, ఒక పాత చేతిగడియారము పడియుండుట సాధారణము. అది పెండ్లినాడు మామగారు అల్లునికిచ్చినదో, ఉద్యోగము దొరకిన వేళ తండ్రి కొడుకునకు కొనిపెట్టినదో యైయుండును. కట్టుకొనినవారు గతించిరి, గడియారమును నిలిచిపోయినది. "అది చెడిపోయినది లెండి" యని యింటివారందురు. చేతికి తీసికొని చూడగా, పెక్కింట చెడినది లోపలి యంత్రము కాదు. ప్రక్కనుండు చిన్న గుబ్బ యూడిపోయినది, అంతియే. ఆ గుబ్బ లేనిదే లోని స్ప్రింగు బిగియదు, ముండ్లను దిద్దుటకు వీలుపడదు. శనగగింజంతయైన లేని వస్తువునకై నిండు గడియారమును మూలబెట్టుట మాకు సమంజసముగా తోచలేదు. కావున సోదరీమణుల కీ విషయమును తెలుప దలచితిమి.

ఈ గుబ్బను ఆంగ్లమున క్రౌను, అనగా కిరీటమందురు. మనవారు చావి యనియే యందురు. తాళము తీయుదానికి గల పేరు ఈ గుబ్బకేల వచ్చెనని సందేహము కలుగవచ్చును. పూర్వము జేబుగడియారములకు నిజముగానే వేరొక చిన్న చావి యుండెడిది; దినమున కొకమారు దానిని రంధ్రమున జొనిపి త్రిప్పెడివారు. 1845లో ఏడ్రియన్ ఫిలిప్ అను ఫ్రెంచి గడియారశిల్పి, వేరు చావి లేకయే గుబ్బను త్రిప్పి బిగువెక్కించు నేర్పాటునకు పేటెంటు పొందెను. చావి పోయెను గాని "చావి యిచ్చుట" యను మాట మన నోళ్లలో నిలిచినది. మరియొక ముచ్చట కలదు. మణికట్టున గడియారము కట్టుకొనుట ఐరోపా ఖండమున మొదట స్త్రీల యలంకారమే. పురుషులు దానిని చిన్నచూపు చూచి జేబుగడియారములనే వాడెడివారు. 1914 మొదలు 1918 వరకు జరిగిన యుద్ధములో కందకములలోని సైనికులకు జేబులు తడవుకొను తీరిక లేకపోగా, వారును మన సొమ్మునే కట్టుకొనిరి!

గుబ్బ తనంతట తాను పనిచేయదు. దాని వెనుక సూదివంటి సన్నని ఉక్కు కాడ యొకటి గలదు. దుకాణములవారు దానిని స్టెమ్మందురు. కాడకొనయందు మరచుట్లుండును, గుబ్బ వానిపై బిగియును. రెండవ కొన యంత్రములోనికి పోయి, గుబ్బను నొక్కియుంచి త్రిప్పినపుడు స్ప్రింగును బిగించును, వెలుపలికి లాగి త్రిప్పినపుడు ముండ్లను జరుపును. సాధారణముగా విరుగునది ఆ మరచుట్లకడనే. చెమటతో త్రుప్పుపట్టుట యొక కారణము, దుమ్ము పేరుకొనుట మరియొకటి. గడియారమును చేతినుండి విప్పకయే చావి యిచ్చుట అన్నిటికంటె చెరుపు. అపుడు గుబ్బపై బలము తిన్నగా గాక ప్రక్కవాటుగా పడి, నాళ్లు గడచుకొలది కాడ యరిగి తుదకు పుటుక్కుమనును.

సూర్యాపేటలో మా వీధినున్న యొక అక్కయ్యగారి యింట నిదియే జరిగినది. ఆమె భర్తగారిది హెచ్.ఎం.టి. వారి జనతా గడియారము; ఆమె తండ్రిగారు పెండ్లిలో నిచ్చినది. భర్తగారు పోయిన పిదప ఆమె దానిని కట్టుకొనలేదు, ఎవరికి నీయలేదు. ప్రతి యుదయమున దీపము పెట్టిన వెనుక దానికి చావి యిచ్చి గూటిలో నుంచెడిది. ఒకనాడు గుబ్బ ఆమె వ్రేళ్లలోనికి వచ్చినది. మేమామెను వెంటగొని మా యూరి దుకాణమొకటికి పోతిమి. అతడు మూత తీసి లోనికి చూడకయే, "పాత మెషీను తీసి బ్యాటరీ మెషీను పెట్టెదను, సాయంత్రము తీసికొనుడు" అనెను. అక్కయ్యగారు, "అపుడు చావి యీయవలెనా?" యని యడిగిరి. "ఏమియు నక్కరలేదమ్మా, దాని మానాన నది నడచును." "అట్లయిన మాకు వలదు నాయనా" యని ఆమె గడియారమును కొంగున ముడివైచుకొనిరి. అతని మాట వ్యాపారమునకు సులువైనదే. కాని పై డబ్బీ మాత్రమే మిగిలి లోపలి యంత్రము పోయిన పిదప అది ఎవరి గడియారము?

కోదాడలో అక్కయ్యగారి కూతురున్నది. అచటి కుర్రవాడొకడు మూత తీసి, కంటికి భూతద్దము పెట్టుకొని, యంత్రము నిక్షేపముగా నున్నదనియు కాడ మాత్రమే విరిగినదనియు మాకు చూపించెను. దానికి సరిపడు కాడ తనయొద్ద లేదనియు, మిర్యాలగూడలో నొక వృద్ధునికడ పాతసామాను గలదనియు చెప్పెను. లేనిదానిని లేదని చెప్పినందులకే ఆతనిని మెచ్చవలెను.

మిర్యాలగూడలోని పెద్దాయన గడియారమును చూడగనే నవ్వి, "మాది వడ్లమిల్లుల యూరమ్మా, చావిసందున తవుడు తీయనిదే నాకు దినము గడవదు" అనెను. మేము తిన్నగా కూర్చుండి ఆతని పని చూచితిమి. లోపల కాడను పట్టియుంచు చిన్న మర యుండును. దానిని ఒకటి రెండు చుట్లు మాత్రమే వదులుచేసి కాడను లాగవలెను. పూర్తిగా విప్పినచో లోని మీట జారిపడి, ముండ్లు, డయలు ఊడదీయవలసి వచ్చును. తెలియనివారు యింట ప్రయత్నింపరాదనుట కిదియే హేతువు. విరిగిన ముక్క గుబ్బలోనే యిరికియున్నది. క్రొత్త గుబ్బ వేయుదునని ఆయన యన్నను, అక్కయ్యగారు భర్త చేతివ్రేళ్ల రాపిడికి నునుపెక్కిన ఆ గుబ్బనే యుంచుమనిరి. అపుడాయన చేసినపని మాకు మిక్కిలి వింత గొలిపినది. వేడినీట పటిక కరిగించి గుబ్బను మాత్రము అందులో వేసి, మరునాడు రమ్మనెను. పటికనీరు ఉక్కును మెల్లగా తినివేయును గాని యిత్తడిని ముట్టదట! ఆ రాత్రి బంధువులయింట నుండి మరునాడు పోగా, ఇరికిన ముక్క కరిగి గుబ్బలోని మరచుట్లు శుభ్రముగా నుండెను. ఉక్కు గుబ్బలకీ యుపాయము పనికిరాదు. గడియారము నెన్నడును ఆ నీట ముంచరాదు.

క్రొత్త కాడలు కావలసినదానికంటె పొడవుగా వచ్చును. ఆయన రవ్వంత కత్తిరించుట, ఆకురాయితో కొన నునుపుచేయుట, గుబ్బ బిగించి చూచుట, మరల విప్పుట — ఇట్లు నాలుగైదు మారులు చేసెను. కాడ పొడవైనచో గుబ్బకును డబ్బీకిని సందేర్పడి దుమ్ము దూరును; పొట్టియైనచో గుబ్బ డబ్బీకి ముందే తగిలి కాడ లోన తన చోటికి చేరదు. తుదకు గుబ్బలోని రబ్బరు వాచరు మార్చి, గడియారమును అక్కయ్యగారి చేతిలో పెట్టి, "మీరే యీయుడమ్మా" అనెను. ఆమె చావి యిచ్చిరి. టిక్కుటిక్కుమను చప్పుడు మా చెవికిని వినవచ్చినది.

ఇట్టి గడియారములకు భాగములు దొరకుట నానాట కష్టమగుచున్నది. హెచ్.ఎం.టి. వారు 1961లో బెంగుళూరున జపానుదేశపు సిటిజెన్ సంస్థ సాయముతో చేతిగడియారముల తయారీ మొదలిడిరి. 2016లో కేంద్ర ప్రభుత్వము ఆ గడియారముల సంస్థను మూసివేయ నిర్ణయించెను. మన హైదరాబాదు ఆల్విన్ వారు సీకో సంస్థతో గూడి చేసిన గడియారములును రాకపోయి చాల యేండ్లైనది. ఇపుడు మిగిలినవి పాత నిలువలును, విప్పిన గడియారములనుండి తీసిన భాగములును మాత్రమే. కావున యంత్రమును మార్చెదమనువానిని, "విరిగినది కాడయా, గుబ్బయా, లోని మీటయా? చూపించుడు" అని యడుగుడు. మార్చినను పాత యంత్రమును తప్పక తిరిగి తీసికొనుడు.

గుబ్బ యూడినపుడు క్షణములో నంటుకొను జిగురు పూయుట కొందరి యలవాటు. ఆ జిగురు సందులోనికి పాకి కాడను కదలనీయదు. దాని యావిరి అద్దమునకు తెల్లని పొరవలె పట్టును. చావి యిచ్చునపుడు గడియారమును చేతినుండి విప్పి, బిగువు తగులగనే ఆపుడు. బ్యాటరీ గడియారమైనచో, బాగుచేయించుట ఆలస్యమగునెడల బ్యాటరీని తీయించి యుంచుడు. అది కారిన యెడల యంత్రము పాడగును. విరిగిన కాడముక్కను పారవేయక, కాగితమున చుట్టి గడియారముతోడనే యుంచవలెను. క్రొత్తదాని కొలతకు పనివాని కదియే యాధారము.