ఎండుచేపల గంపలో పెంకుపురుగులు

తివాచీలను, ఉన్ని బట్టలను కొరికే పెంకుపురుగులు, ధాన్యపు గోదాములలోని ఖాప్రా పురుగు డెర్మెస్టిడే కుటుంబానికి చెందినవి. ఇదే కుటుంబంలోని డెర్మెస్టిస్ జాతులు ఎండుచేపలను ఆశిస్తాయి. శ్రీకాకుళం తీరంలోని భావనపాడు వంటి మత్స్యకార గ్రామాల ఇళ్ళలో వీటికోసం మొదట వెదకవలసినది చేపల గంపలోనే.

చేప పచ్చిగా ఉన్నప్పుడు ఈగలు గుడ్లు పెడతాయి. ఎండిన తరువాత పెంకుపురుగుల వంతు. నూగుగల పిల్లపురుగులు కండను తొలిచి తింటాయి. సుమారు 30 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ఐదారు వారాలలో జీవితచక్రం పూర్తికాగలదు. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మోటారు పడవల వేటకు ఉండే 61 రోజుల నిషేధంలో, ఇంటి తిండికీ అమ్మకానికీ దాచిన నిల్వలోనే ఒక తరం ఎదిగిపోతుందన్నమాట.

ఎదిగిన పిల్లపురుగు కోశస్థదశకు తరచుగా చేపను వదలి చెక్కలోకో, గంప సందులలోకో చేరుతుంది. చేపలను మాత్రమే ఎండబెట్టి తిరిగి అదే గంపలో పోస్తే ప్రయోజనం స్వల్పం. గంపను, దానిని ఉంచిన అటకను కూడా దులిపి శుభ్రపరచాలి.

పురుగుమందు చల్లడం ఎంతమాత్రం తగదు. కడిగినంత మాత్రాన అవశేషాలు పూర్తిగా పోవు. ఉప్పు బాగా పట్టిన చేపలో పిల్లపురుగులు సరిగా ఎదగవు. ఉప్పు లేకుండా ఇసుకపై ఎండబెట్టే నెత్తళ్ళకే బెడద అధికం. వాటిని ఎత్తైన తడకలపై పూర్తిగా ఎండబెట్టి, చల్లారిన తరువాత బిగుతు మూతగల డబ్బాలో దాచాలి. పలుచని పాలిథిన్ సంచిని ఈ పురుగులు తొలచగలవు.