ఎండిన వంటచెఱకు: రైతులు దానిని సిద్ధపఱచి అమ్మవలసిన విధము

పొలము గట్లమీదను, బీడుభూములలోను పెరిగిన తుమ్మ, సుబాబుల్, నీలగిరి, సరుగుడు మొదలగు చెట్లను రైతులు సాధారణముగా నిలువు చెట్లుగానే వర్తకునకు గుత్తకు ఇచ్చివేయుదురు. వర్తకుడు కంటితో చూచి ధర చెప్పును. రైతు కొంత బేరమాడి ఒప్పుకొనును. ఆ కట్టెయే చీల్చబడి, ఎండి, పట్టణములోని అడితిలో తూకమునకు వచ్చునప్పటికి దాని ధర వేఱుగా నుండును. నడుమ జరిగిన పనికి కావలసినవి గొడ్డలి, ఎండ, కొన్ని నెలల ఓపిక. ఈ మూడును రైతునొద్దనే కలవు. అయినను ఈ పనికి స్వయముగా దిగి నష్టపడి మానుకొన్నవారును లేకపోలేదు. కట్టెలోని నీటి లెక్క తెలియకుండుటయే అట్టి నష్టమునకు ముఖ్య కారణము.

అప్పుడే కొట్టిన కట్టెలో, చెట్టు జాతినిబట్టి, బరువులో ఇంచుమించు మూడవ వంతు మొదలు సగము వఱకు నీరుండును. బాగుగా ఎండిన కట్టెలో అయిదవ వంతుగాని అంతకు తక్కువగాని నిలుచును. పొయ్యిలో పెట్టిన కట్టె మొదట తనలోని నీటిని ఆవిరి చేసికొని పిమ్మట వంటకు వేడి నిచ్చును. సగము నీరున్న పచ్చికట్టె కిలోగ్రాము ఒక్కింటికి సుమారు 1,900 కిలోకెలోరీల వేడియు, అయిదవ వంతు నీరున్న ఎండుకట్టె కిలోగ్రామునకు సుమారు 3,400 కిలోకెలోరీల వేడియు నిచ్చును. కొనువాడు పచ్చికట్టెకు ఇచ్చు సొమ్ములో సగము నీటికే పోవుచున్నదన్నమాట.

ఇక అమ్మువాని సంగతి. సగము నీరున్న పచ్చికట్టె 1,000 కిలోగ్రాములు ఎండి అయిదవ వంతు నీటికి దిగునప్పటికి 625 కిలోగ్రాములు మాత్రమే తూగును. పచ్చికట్టె కిలో 3 రూపాయలని అనుకొన్నచో మొత్తము 3,000 రూపాయలు. (ఇవి లెక్కకై చెప్పిన ధరలే గాని బజారు ధరలు కావు.) ఎండిన పిమ్మట ఆ 3,000 రూపాయలే రావలెనన్నను కిలో 4 రూపాయల 80 పైసలకు అమ్మవలెను. పచ్చిదానికంటె ఒక రూపాయి ఎక్కువ వచ్చినదని సంతోషించి 4 రూపాయలకు ఇచ్చిన రైతు 500 రూపాయలు పోగొట్టుకొని, చీల్చిన కూలియు, నెలల నిరీక్షణయు ఉచితముగా ఇచ్చినవాడగును.

కొనువాని వైపు చూచినను న్యాయమైన ధర కనబడును. వేడిని బట్టి లెక్కించినచో 3 రూపాయల పచ్చికట్టెకు ఎండుకట్టె కిలో 5 రూపాయల 35 పైసల వఱకు సమానము. కనుక ఈ లెక్కలో 4-80కి దిగువ అమ్మినచో రైతునకు నష్టము. 5-35 వఱకు ఇచ్చినను కొనువానికి నష్టము లేదు. పొగ తగ్గుట, పాత్రలకు మసి తక్కువగా పట్టుట, పొయ్యి త్వరగా రాజుకొనుట అతనికి పైలాభములు. సరుగుడు, తుమ్మవంటి గట్టి కట్టెలలో మొదటనే నీరు తక్కువగా నుండును గనుక తఱుగును తక్కువ. ప్రతి రైతును తన కట్టెను తానే తూచి తఱుగు తెలిసికొని ధర కట్టుట మేలు.

2016వ సంవత్సరము మే నెలలో ఉజ్వల పథకము ఆరంభమైన పిమ్మట పల్లెలయందును గ్యాసు పొయ్యిలు వ్యాపించినవి. గృహస్థులు మునుపటివలె బండ్లకొలది కట్టెలు కొనుట తగ్గినది. నేడు నికరముగా కొనువారు భోజనశాలలవారు, పెండ్లివంటల గుత్తదారులు, మిఠాయి దుకాణములవారు, రొట్టెల బట్టీలవారు. హైదరాబాదు నగరమునకు సమీపమున నున్న రైతులు రంజాను మాసమును ప్రత్యేకముగా గమనింపవలెను. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదు హలీము కట్టెల బట్టీలపై గంటల తరబడి ఉడుకును; దానికి నిలుకడయైన నిప్పు కావలెను. ఆ మాసము ఏటేట సుమారు 11 దినములు ముందునకు జరుగుచుండును. 2026లో ఫిబ్రవరి మూడవ వారమున ఆరంభమగు మాసమునకు కట్టె 2025 వేసవిలోనే ఎండి యుండవలెను. బేరము కుదిరిన తరువాత చెట్టు కొట్టినచో పచ్చికట్టెయే పంపవలసి వచ్చును.

చెట్లు కొట్టుటకు కార్తీకము మొదలు మాఘము వఱకు అనుకూలమైన కాలము. చేలలోనికి బండ్లు పోగలవు. గాలి పొడిగా నుండును. ముందు వేసవి యంతయు మిగిలియుండును. కొట్టిన వారములోనే కొనువానికి కావలసిన పొడవునకు కోసి, ముంజేతి లావునకు చీల్చవలెను. నీలగిరి ఎండిన పిమ్మట మెలిదిరిగి గొడ్డలికి లొంగదు. చింతమొద్దు పచ్చిగా నున్నప్పుడే కష్టము. కూలి లెక్కించుకొని గాని దాని జోలికి పోరాదు. బెరడు నీటిని బయటికి పోనీయదు. చీల్చని దుంగ రెండు కొనలనుండియే ఎండవలసి యుండుటచే ఏడాదికిని లోపల తడిగా నుండవచ్చును. చీల్చినది వేసవి ఎండలో మూడు నాలుగు నెలలకే అక్కఱకు వచ్చును.

చీల్చిన కట్టెను నేలమీద కుప్పగా పోయుట సర్వత్ర కనబడు తప్పు. అడుగు వరుస చెదలపాలగును, నడిమి కట్టె బూజుపట్టును. రాళ్లమీద రెండు వాసములు పఱచి, జానెడు ఎత్తున, గాలి వీచు దిక్కునకు అడ్డముగా వరుసలు పేర్చి, వరుసకు వరుసకు మనిషి నడచునంత సందు విడువవలెను. వాన భయముచే కొందఱు కుప్పనంతయు టార్పాలినుతో చుట్టి కట్టుదురు. కట్టెనుండి వెడలిన ఆవిరి అందే నిలిచి తిరిగి కట్టెకే పట్టును. పైభాగము మాత్రము కప్పి ప్రక్కలు విడిచిన చాలును. మృగశిర కార్తె ప్రవేశించుటకు ముందే ఎండిన సరకును కొట్టములోనికి చేర్చవలెను.

ఎండినదో లేదో కంటికి తెలియు గుర్తులు కలవు: కొనలు నెఱ్ఱెలు విచ్చును, బెరడు ఊడివచ్చును, రెండు కట్టెలను తాటించినచో ఖంగుమని మ్రోగును. పచ్చిది తాటించిన మొద్దుగా పలుకును. నిప్పులో పెట్టిన కొనలయందు నురుగు క్రక్కును. అయితే నమ్మదగిన పరీక్ష త్రాసే. పేర్చునాడు నాలుగైదు కట్టెలకు సున్నపు గుర్తు పెట్టి, తూచి, బరువు వ్రాసికొని, పదునైదు దినముల కొకసారి మరల తూచుచుండవలెను. రెండు తూకములలో బరువు మాఱనప్పుడు కట్టె ఎండినట్లు. ఆ కాగితమును కొనువానికి చూపిన రైతు అధిక ధరకు కారణము నోటితో చెప్పనక్కఱలేదు.

తూకమునకు ముందు కట్టెలపై నీరు చల్లు అలవాటు కొందఱు వర్తకులలో కలదు. భోజనశాలవారికి ఈ మోసము బాగుగా తెలియును. క్రొత్తగా వచ్చిన రైతునుగూడ వారు ఆ కంటితోనే చూతురు. అందుచే బండిని టార్పాలినుతో కప్పి తీసికొనిపోయి, కొనువాడు కోరిన ధర్మకాంటాలో నిండు బండిని, ఖాళీ బండిని అతని యెదుటనే తూయించి, తేదీతో రశీదు ఇచ్చుట మంచిది. సొంత త్రాసు వాడువారు దానికి తూనికలు కొలతల శాఖవారి ముద్ర వేయించుకొనవలెను. సన్నకట్టె కొంత, లావుకట్టె కొంత కలిపి పంపవలెను. సన్నది నిప్పు రాజవేయును, లావుది నిలుపును. గన్నేరు కొమ్మ ఒక్కటియు కలియరాదు. దాని పొగ విషము. దించిన సరకును కొనువాని కొట్టములో పేర్చి యిచ్చుటకు అరగంట పట్టును; మఱుసటి బండికి పిలుపు తఱచుగా దానివలననే వచ్చును.

పట్టా భూమిలోని చెట్టైనను 2002వ సంవత్సరపు వాల్టా చట్టము ననుసరించి కొట్టుటకు ముందు అనుమతి పొందవలెను. కొన్ని జాతులకు మినహాయింపు కలదు. ఏ జాతికి అనుమతి కావలెనో, దారిలో చూపుటకు ఏ కాగితము కావలెనో అటవీ రేంజి కార్యాలయములో ముందుగా విచారించుకొనవలెను. పాసు లేక పట్టుబడిన బండి విడిపించుకొను ఖర్చు ఒక్క బండి లాభమును మించును.

మొదటి సంవత్సరము సరకునంతయు వేసవిలోనే అమ్మివేయక, మూడవ వంతైనను కొట్టములో నిలుపుట యుక్తము. శ్రావణమాసపు పెండ్లిండ్ల నాటికి ఊరిలోని కట్టె యంతయు తడిసియుండును. పొడికట్టె గలవాని యింటికే వంటవారు వెదకికొని వత్తురు.