నాగేటిచాలులో దొరకిన కాసులు

బాలబాలికలకు చిన్నచిన్న వస్తువులను కూడబెట్టుటయందు మక్కువ మెండు. నెల్లూరు జిల్లా సముద్రతీర గ్రామములలో పిల్లలు గవ్వలను ఏరి దాచుకొందురు. పట్టణములలో తపాలా బిళ్ళలను, పాత నాణెములను, చొక్కాకు తగిలించుకొను బొమ్మల బిళ్ళలను సేకరింతురు. ఒలింపిక్ క్రీడలకు వచ్చు ఆటగాండ్రు సైతము తమ దేశపు బిళ్ళను ఇచ్చి ఇతర దేశముల బిళ్ళలను పుచ్చుకొనుట వాడుక. తనయొద్ద రెండున్నదానిలో ఒకటి ఇచ్చి, లేనిదానిని తెచ్చుకొనుటయే ఈ మారకములోని ఆనందము. అయితే ఒక లోహపు బిళ్ళ ఎప్పుడు అమూల్యమగును? ఎప్పుడు వట్టి లోహముగా మిగులును? మన నెల్లూరి సీమలోనే జరిగిన ఒక ఉదంతము ఈ ప్రశ్నకు సమాధానము చెప్పగలదు.

1786 ప్రాంతమున నెల్లూరికి సమీపమున ఒక రైతు రాతిగుట్ట ప్రక్కన నేలను దున్నుచుండెను. నాగలి ఇటుక కట్టడమునకు తగిలి నిలిచిపోయెను. అతడు త్రవ్వి చూడగా చిన్న దేవాలయపు శిథిలములును, వాని క్రింద ఒక చిన్న కుండయు కనబడెను. కుండలో బంగారు నాణెములు! రైతు వానిని పాతబంగారముగా ఎంచి అమ్మివేసెను. అందు పెక్కు మూసలో కరగిపోయినవి. ఆర్కాటు నవాబు కుమారుడగు అమీరుల్ ఉమరా ముప్పదికి పైగా నాణెములను తిరిగి సంపాదింపగలిగెను. నాడు చెన్నపట్టణమున గవర్నరుగా నుండిన అలెగ్జాండర్ డేవిడ్సన్ వానిలో రెంటిని ఎన్నుకొనెను. ఒకటి రోము చక్రవర్తి హేడ్రియనుది. రెండవది ఫౌస్టీనా రాణిది. ట్రాజను చక్రవర్తి నాణెములును ఆ రాశిలో నుండెను. డేవిడ్సన్ ఈ వృత్తాంతమును 1787 లో ఒక లేఖగా వ్రాయగా, కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీవారు దానిని తమ సంపుటములో ప్రకటించిరి.

రోము నాణెములు ఇంతదూరము ఎట్లు వచ్చెను? క్రీస్తుశకపు తొలి శతాబ్దులలో నావికులు నైరృతి ఋతుపవనముల సాయమున ఎఱ్ఱసముద్రము నుండి మనదేశమునకు వచ్చుచుండిరి. మిరియములు, ముత్యములు, సన్నని నూలుబట్టలు కొనిపోయి బంగారమును ఇచ్చుచుండిరి. ఏటేటా 5 కోట్ల సెస్టర్సులు భారతదేశమునకు పోవుచున్నవని ప్లినీ అను రోము పండితుడు వాపోయెను. నూరు సెస్టర్సులు ఒక బంగారు నాణెమునకు సమానము. కావున అది 5 లక్షల బంగారు నాణెముల విలువ. పుదుచ్చేరి చెంతనున్న అరికమేడులో 1945 లో జరిగిన త్రవ్వకములలో ఇటలీదేశపు మట్టిపాత్రల ముక్కలు దొరకినవి. తూర్పుతీరమున దొరకిన శాతవాహనుల సీసపు నాణెములపై రెండు కొయ్యలు గల ఓడ బొమ్మ కలదు. మన తీరము నాడెంత సందడిగా నుండెనో దీనినిబట్టి ఊహింపవచ్చును.

డేవిడ్సన్ లేఖలో మరియొక విశేషము కలదు. కొన్ని నాణెములు నిన్ననే టంకసాల నుండి వచ్చినవో యనునట్లు క్రొత్తగా నుండెను. మరికొన్ని అరిగిపోయి, రంధ్రములు కలిగియుండెను. వానిని చేతికి, మెడకు ఆభరణములుగా ధరించియుందురని ఆయన తలచెను. కాసులపేరు ఎరిగిన మనకు ఇది వింత కాదు. రోములో సరుకు కొనుటకు పనికివచ్చిన చక్రవర్తి ముఖము, నెల్లూరి సీమకు వచ్చి నగలోని బిళ్ళయైనది! ఒక చిన్న రంధ్రము ఇంత కథను చెప్పినది.

మరి కరగిపోయిన నాణెములు ఏమి చెప్పియుండెడివి? కుండలోని నాణెములన్నియు ఒకచోట నున్నచో, వానిలో అన్నిటికంటె కడపటిది ఏ చక్రవర్తిదో చూచి, ఆ కుండను అంతకుముందు పాతలేదని నిశ్చయింపవచ్చును. ఆ సాక్ష్యము మూసలో పోయినది. బంగారము ఎక్కడికిని పోలేదు, చరిత్రయే పోయినది. ఆ రైతును మనము నిందింపరాదు. అతనికి చెప్పువారెవ్వరును లేరు.

నేను ఒక తీరగ్రామమున ఉపాధ్యాయుడనై యున్నప్పుడు ఒక బాలుడు తళతళలాడు రాగి నాణెమును తెచ్చి చూపెను. చింతపండుతోను, ఇసుకతోను తోమితినని గర్వముగా పలికెను. దానిపై అక్షరములన్నియు అరిగిపోయియుండెను. "ఎక్కడ దొరకినది, నాయనా?" అని అడిగితిని. "అయ్యవారూ, నాలుగు గోలీలిచ్చి మార్చుకొన్నాను. ఎక్కడిదో అడుగలేదు" అనెను. ఆనాడు నాకు సిగ్గు కలిగినది. రాజుల పేర్లు వల్లెవేయించితినే గాని, నాణెమును చూచు విధమును వారికి ఏనాడును నేర్పనైతిని.

కావున సేకరణమందు ఆసక్తిగల విద్యార్థులు కొన్ని నియమములు పాటింపవలెను. పాత నాణెమును తోమరాదు. అంచులను పట్టుకొని చూడవలెను. ఎక్కడ, ఎప్పుడు, ఎవరివలన లభించెనో ఒక చీటిపై వ్రాసి దానితో ఉంచవలెను. ఇతరులకు ఇచ్చునప్పుడు ఆ చీటినికూడ ఇయ్యవలెను. తెలియనివాని అమాయకతను ఆసరాగా గొని మారకము చేయరాదు. భూమిలో దాగి దొరకిన నిధి విలువ పది రూపాయలకు మించినచో, 1878 నాటి నిధుల చట్టము ప్రకారము కలెక్టరునకు తెలుపవలెను. దాచుట నేరము. తెలిపినవానికి నష్టము లేదు. ప్రభుత్వము ఆ నిధిని తీసికొనదలచినచో, దాని లోహపు విలువకు ఐదవవంతు చేర్చి సొమ్ము చెల్లింపవలెనని ఆ చట్టమే చెప్పుచున్నది.

నెల్లూరి కుండలోని నాణెములలో అధికభాగము నేడు లేదు. ఒక్క లేఖ మిగిలినందున వాని కథ మాత్రము నిలిచినది. మీ పెట్టెలోని ప్రతి బిళ్ళకు అట్టి చీటి యొకటి ఉన్నదా? నేటి సాయంకాలమే చూచుకొనుడు.