మబ్బు రోజున గుట్ట మీదికి

డిసెంబరులో ఒక ఆదివారం. పొద్దున్నే కిటికీ తెరిచి చూస్తే ఆకాశమంతా మబ్బు. సన్నని తుంపర పడి ఆగింది. సూర్యుడి జాడ లేదు. "ఇవాళ ఎక్కడికి వెళతాంలే" అని మళ్ళీ దుప్పటి ముసుగు పెట్టబోతున్నారా? ఆగండి. గుట్ట ఎక్కి రాళ్ళను చూడడానికి ఇంతకంటె మంచి రోజు దొరకదు. ఎందుకో చూద్దాం.

ముందు ఈ మబ్బు సంగతి. చలికాలంలో మన ప్రాంతంలో వాన తక్కువ. అయినా బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడినప్పుడు దాని మబ్బులు ఒక్కొక్కసారి హైదరాబాదు దాకా వస్తాయి. అలాంటి రాత్రి చలి కొంచెం తగ్గడం మీరు గమనించే ఉంటారు. పగలు వేడెక్కిన నేల రాత్రి ఆ వేడిని పరారుణ కిరణాలుగా పైకి వదులుతుంది. మబ్బులు అందులో చాలా భాగాన్ని పీల్చుకొని, తిరిగి కిందికి పంపుతాయి. అంటే నేలకు మబ్బే దుప్పటి అన్నమాట! ఇక మీ దుప్పటి పక్కన పెట్టి లేవండి.

లింగంపల్లిలో ఉండేవారు గచ్చిబౌలి మీదుగా వెళితే ఖాజాగూడ గుట్టలు వస్తాయి. మీరు వేరే ఊళ్ళో ఉంటే భువనగిరి, గుత్తి, పెనుకొండ వంటి ఏ గ్రానైట్ కొండైనా సరే. పెద్దవాళ్ళను తోడు తీసుకొని, ఇంట్లో చెప్పి బయలుదేరండి. తడిసిన బండ జారుతుంది కాబట్టి పట్టున్న చెప్పులో బూట్లో వేసుకోండి. పగుళ్ళలో చేతులు పెట్టవద్దు. పాములూ తేళ్ళూ ఉండవచ్చు. ఒక నోటు పుస్తకం, ఒక భూతద్దం చాలు.

గుట్ట మొదట్లోనే ఒక తేడా కనిపిస్తుంది. ఎండ రోజున బండల మీద తల ఎగరేస్తూ కూర్చునే తొండలు ఇవాళ లేవు. తొండ శీతల రక్త జంతువు. ఎండలో కాగితేనే దానికి చురుకు వస్తుంది. అందుకని ఈ రోజు పగుళ్ళలో దాక్కుంటుంది.

తొండకు సెలవు రోజైతే, మరొక జీవికి ఇది పని రోజు. బండ మీద బూడిదరంగు, పచ్చ, నారింజ రంగు మచ్చలు చూడండి. ఎవరో రంగు చల్లినట్లు ఉన్నాయి కదూ? అవి లైకెన్లు. ఒక శిలీంధ్రం, ఒక శైవలం కలిసి కాపురం చేస్తే లైకెన్ అవుతుంది. శిలీంధ్రం ఇల్లు కడుతుంది, శైవలం వంట చేస్తుంది. అయితే తడి లేకపోతే ఆ పొయ్యి వెలగదు. ఎండ కాస్తే లైకెన్ ఎండిపోయి నిద్రపోతుంది. తుంపర పడి మబ్బు పట్టి ఉంటే, తడి ఆరనంత సేపూ కిరణజన్య సంయోగక్రియ సాగుతుంది. ఒక పొడి మచ్చ మీద నాలుగు చుక్కల నీళ్ళు పోసి, భూతద్దంలో చూడండి. చాలా రకాల్లో కొద్ది నిమిషాల్లోనే రంగు పచ్చబడుతుంది.

లైకెన్‌తో పాటు ఈ రోజు పని చేస్తున్నది ఇంకొకటి ఉంది. అది నీరు.

రాళ్ళు పగలు వేడెక్కి వ్యాకోచించి, రాత్రి చల్లబడి సంకోచించి పగులుతాయని చదువుకున్నాం. ఇది ఎంతవరకు నిజం? 1936లో డేవిడ్ గ్రిగ్స్ అనే అమెరికా శాస్త్రవేత్త ఒక ప్రయోగం ప్రకటించాడు. ఒక గ్రానైట్ ముక్కను 89,400 సార్లు వేడి చేసి, పొడి గాలితో చల్లార్చాడు. రోజుకు ఒకసారి చొప్పున అయితే అది 244 ఏళ్ళ పగళ్ళూ రాత్రులూ! రాయి చెక్కు చెదరలేదు. తరువాత గాలికి బదులు నీళ్ళు చిలకరించి చల్లార్చాడు. రెండున్నర ఏళ్ళకు సమానమైన సార్లు తిరిగేసరికే రాతి పైభాగంలో మార్పులు కనిపించాయి. వట్టి ఎండ ఏమీ చెయ్యదని కాదు. నీరు తోడైతేనే పని చురుకుగా సాగుతుందని దీని అర్థం.

నీరు ఏం చేస్తుంది? వాన చినుకు గాలిలోని కార్బన్ డై ఆక్సైడును కలుపుకొని బలహీనమైన కార్బానిక్ ఆమ్లం అవుతుంది. గ్రానైట్‌లో లేత గులాబీ రంగులోనో తెల్లగానో ఉండే ఫెల్డ్‌స్పార్‌ను అది మెల్లగా బంకమట్టిగా మారుస్తుంది. నల్లగా మెరిసే అభ్రకం కూడా మారిపోయి, అందులోని ఇనుము తుప్పు రంగు తేలుతుంది. గాజులా ఉండే క్వార్ట్జ్ మాత్రం లొంగక ఇసుకగా మిగులుతుంది. మీ కాళ్ళ కింది మొరం, పొలాల్లోని ఎర్రని చెలక నేల ఇలా పుట్టినవే. మన జొన్న రొట్టెకు మూలం ఈ బండే!

ఒకదాని మీద ఒకటి పేర్చినట్లున్న ఆ గుండ్ల సంగతి? వాటిని ఎవరూ పేర్చలేదు. ఒక పటికబెల్లం ముక్క నోట్లో వేసుకోండి. ముందు మూలలు కరిగి ముక్క గుండ్రనవుతుంది. మూలను నీరు మూడు వైపుల నుంచి, అంచును రెండు వైపుల నుంచి, ముఖాన్ని ఒకే వైపు నుంచి తాకుతుంది కాబట్టి. గ్రానైట్ నేలలో ఉండగానే అడ్డంగా నిలువుగా పగుళ్ళు పడ్డాయి. వాటిలో దిగిన నీరు మూలలను అరగదీసింది. చుట్టూ ఏర్పడిన మట్టి వానలకు కొట్టుకుపోయి, గట్టి గుండ్లు ఉన్నచోటనే మిగిలిపోయాయి.

ఈ గ్రానైట్ వయస్సు సుమారు 250 కోట్ల ఏళ్ళు. ఆ కాలాన్ని ఒక రోజుగా కుదిస్తే, డైనోసార్లు అంతరించి ఇప్పటికి 38 నిమిషాలు. మన మానవజాతి పుట్టి సుమారు 10 సెకన్లు. 1998లో ప్రారంభమైన సైబర్ టవర్స్ వయస్సు సెకనులో వెయ్యోవంతు!

ఇప్పుడు ఒక చిన్న పరిశోధన చేయండి. పగిలిన బండలను వెదకి, పగులు ముఖం మీద లైకెన్లు ఉన్నాయో లేదో రాసుకోండి. రాయిని అంటిపెట్టుకొనే లైకెన్లలో చాలా రకాలు ఏడాదికి ఒక మిల్లీమీటరు కూడా పెరగవు. కాబట్టి పెద్ద మచ్చలున్న పగులు పాతది. ఒక్క మచ్చ కూడా లేక నిగనిగలాడుతూ, పొడుగాటి అరగొట్టపు గాడి ఉంటే అది డ్రిల్లు వేసి పగలగొట్టిన రాయి. నీరు లక్షల ఏళ్ళు చేసే పనిని మందుగుండు ఒక్క పూటలో చేస్తుంది. ఇళ్ళకూ రోడ్లకూ రాయి కావాలి, నిజమే. కాని చెట్టును మళ్ళీ నాటవచ్చు, గుండును నాటలేం.

ఈ విషయం గుర్తించిన కొందరు 1996లో హైదరాబాదులో రాళ్ళను కాపాడే సంఘం పెట్టుకున్నారు. లింగంపల్లి దారిలోనే, హైదరాబాదు విశ్వవిద్యాలయాన్ని ఆనుకొని ఉన్న కంచ గచ్చిబౌలిలో 2025 మార్చి చివర యంత్రాలతో చెట్లు కొట్టారు. విద్యార్థులు అడ్డుపడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పనులను నిలిపివేసింది.

దిగేముందు మీ పుస్తకంలో మూడు లెక్కలు ఉండాలి: లైకెన్లు పట్టిన పాత పగుళ్ళు ఎన్ని, మచ్చ లేని కొత్త పగుళ్ళు ఎన్ని, డ్రిల్లు గాడి ఉన్నవి ఎన్ని. తేదీ వెయ్యడం మరవకండి. వచ్చే డిసెంబరులో మబ్బు పట్టిన రోజు చూసి, అదే గుట్ట మీద మళ్ళీ లెక్కపెట్టండి. మూడో లెక్క పెరిగిందా? పెరిగితే సంగతి మీ బడిలో, మీ ఊళ్ళో పదిమందికీ చెప్పండి.