అమెరికాలో అశ్లీలతా వివాదం: చూసేవారి నీతి, స్త్రీల హాని

అమెరికాలో అశ్లీలతపై చట్టపరమైన పోరు చాలాకాలం తపాలా సంచుల చుట్టూ తిరిగింది. 1873లో ఆంథొనీ కామ్‌స్టాక్ పట్టుదలతో వచ్చిన ఫెడరల్ చట్టం అశ్లీల గ్రంథాలతోపాటు గర్భనిరోధక సాధనాలను, వాటి సమాచారాన్ని కూడా తపాలాలో పంపరాదని నిషేధించింది. కామచిత్రాన్నీ వైద్య సమాచారాన్నీ ఒకే గాటన కట్టిన ఈ చట్టానికి చదివేవారి నీతి గురించే బెంగ. చిత్రంలోని స్త్రీకి కలిగే హాని దాని దృష్టిలో లేదు.

1957లో రాత్ కేసులో సుప్రీంకోర్టు అశ్లీలతకు రాజ్యాంగ మొదటి సవరణ రక్షణ లేదన్నది. అయితే ఏది అశ్లీలమో తేల్చడం న్యాయమూర్తులకే కష్టమైంది. 1973 నాటి మిల్లర్ తీర్పు స్థానిక సమాజ ప్రమాణాలను, రచనకున్న సాహిత్య, కళా, రాజకీయ, శాస్త్రీయ విలువను కొలమానాలుగా నిలిపింది.

చర్చను మలుపు తిప్పినవారు స్త్రీవాదులు. ఆండ్రియా డ్వార్కిన్, క్యాథరిన్ మెకినన్ రూపొందించిన ముసాయిదా పోర్నోగ్రఫీని లైంగిక చిత్రణ ద్వారా స్త్రీని అణచివేయడంగా నిర్వచించి, బాధితులకు సివిల్ దావా హక్కు ఇచ్చింది. మన అలంకారశాస్త్రం చెప్పే అశ్లీల దోషం సిగ్గు, జుగుప్స, అమంగళాలకు సంబంధించినది. వారి నిర్వచనం అధికారానికి సంబంధించినది. మినియాపొలిస్‌లో మేయర్ దీనిని వీటో చేయగా, 1984లో ఇండియానాపొలిస్ సంప్రదాయవాదుల మద్దతుతో ఆమోదించింది. ఈ పొత్తు మరికొందరు స్త్రీవాదులను కలవరపరచింది. వారు సెన్సార్‌షిప్ వ్యతిరేక బృందంగా ఏర్పడి కోర్టులో ఆ శాసనాన్ని ఎదిరించారు. వారి భయం నిరాధారం కాదు: 1914లో మార్గరెట్ శాంగర్‌పై అభియోగం మోపినది తపాలా అశ్లీలతా చట్టం కిందనే.

1985లో అప్పీలు కోర్టు ఇచ్చిన తీర్పు విచిత్రమైనది. అణచివేతను చూపే చిత్రణ అణచివేతను కొనసాగిస్తుందన్న వాదాన్ని న్యాయమూర్తి ఈస్టర్‌బ్రుక్ అంగీకరించారు. అయినా, అంతటి ప్రభావం ఉండడమే అది భావప్రకటన అనడానికి నిదర్శనమని, ఏ దృక్పథం సరైనదో ప్రభుత్వం నిర్ణయించరాదని శాసనాన్ని కొట్టివేశారు. హాని ఉందని ఒప్పుకొని పరిహారం నిరాకరించిన ఈ తర్కం నేటికీ మింగుడుపడనిదే. 1986లో సుప్రీంకోర్టు విచారణ లేకుండానే దానిని ధ్రువీకరించింది.

ఇంటర్నెట్ వచ్చాక వివాదం పిల్లల వైపు మళ్ళింది. 1997లో రీనో కేసులో ఆన్‌లైన్ అసభ్యతపై ఆంక్షలను కొట్టివేసిన సుప్రీంకోర్టు, 2025లో టెక్సస్ వయోనిర్ధారణ చట్టాన్ని 6–3 ఆధిక్యంతో సమర్థించింది. ఆ కేసులో ప్రశ్న ఎవరు చూడవచ్చుననేదే. ఇండియానాపొలిస్ అడిగిన ప్రశ్న అందులో లేదు.