కనబడని ఇంజిన్‌ని చూసి కొనడం

డాలస్ శివార్లలో ఒక శనివారం పొద్దున మా బాబాయి కొడుకు నన్ను వెంటేసుకుని పాత పోర్షా బాక్‌స్టర్ చూడ్డానికి వెళ్లాడు. 2003 మోడల్. వెండి రంగు, తళతళ మెరుస్తోంది, తిరిగింది 38 వేల మైళ్లే. తమ్ముడు ముందు మూత ఎత్తాడు. స్టెప్నీ, బ్యాటరీ, కాస్త సామాను పట్టే చోటు. వెనక మూత ఎత్తాడు. కార్పెట్ పరిచిన డిక్కీ. నా చెవి దగ్గరికొచ్చి, "అన్నా, ఇంజిన్ ఏదన్నా?" అన్నాడు. అమ్ముతున్న అమెరికన్ పెద్దాయనకు తెలుగు రాదు. అయినా ప్రశ్న అర్థమైనట్టే ఉంది, నవ్వుతూ సీట్ల వెనక గోడను వేలితో తట్టి చూపించాడు.

ఇంజిన్ అక్కడుంది. మనకు కనబడదు. ఇలాంటి కారు సెకండ్ హ్యాండ్‌లో కొనేవాడి కష్టాలన్నీ అక్కడే మొదలవుతాయి.

ఇంజిన్ ముందు చక్రాల ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య ఉంటే మిడ్ ఇంజిన్ కారు అంటారు. స్పోర్ట్స్ కార్లలో అది మామూలుగా సీట్ల వెనక, వెనక ఇరుసుకు ముందు కూర్చుంటుంది. ఇదేదో మనకు బొత్తిగా కొత్త సంగతి కాదు. మారుతి ఓమ్నిలో ఇంజిన్ ముందు సీట్ల కింద ఉండేది. సీటు ఎత్తి ఆయిల్ చూసుకోవడం, ఎండాకాలంలో పిర్రలు కాలడం నడిపినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. లెక్కకు అదీ ఈ కుటుంబంలోదే. ఈ ముక్క చెబితే పోర్షా ఉన్నవాళ్లు ఎందుకో మొహం అదోలా పెడతారు.

ఇంజిన్‌ని అలా నడుమ ఎందుకు పెట్టడం? కావడి మోసే మనిషిని తలుచుకోండి. బరువు రెండు కొసల్లో ఉంటుంది కాబట్టి గబుక్కున పక్కకు తిరగలేడు, తిరిగాక గబుక్కున ఆగలేడు. అదే బరువు గుండెకు హత్తుకుంటే బొంగరంలా తిరుగుతాడు. కారూ అంతే. అన్నిటికంటే బరువైన ఇంజిన్ నడుమ దగ్గర ఉంటే, స్టీరింగ్ తిప్పగానే కారు తిరుగుతుంది. ఆ సుఖం ఒకసారి రుచి చూసినవాడు మామూలు కారులో ఇమడలేడు. కానీ బొంగరానికి ఇంకో గుణమూ ఉంది. దాని సంగతి తర్వాత చూద్దాం.

డిజైనర్‌కు కలిసొచ్చిన ఆ చోటే మెకానిక్‌కు శత్రువు. బాక్‌స్టర్‌లో ఆయిల్, కూలెంట్ పోసే మూతలు మాత్రం వెనక డిక్కీలో పెట్టారు. ఇంజిన్‌ని కంటితో చూడాలంటే మడత పెట్టే గుడ్డ టాపును సగం లేపి, కార్పెట్ తీసి, రేకు మూత విప్పాలి. అసలు పనంతా కారును లిఫ్ట్ ఎక్కించి కింద నుంచే. ఫెరారీ ఎఫ్355లో అయితే టైమింగ్ బెల్టు మార్చాలంటే ఇంజిన్ మొత్తం కిందికి దించాల్సిందే. బెల్టు ధర ఎంతయితేనేం, ఖర్చంతా దించి ఎక్కించే కూలీలో ఉంది. కాబట్టి ఈ కార్ల దగ్గర అడిగే ధర మొదటి వాయిదా అనుకోవాలి. మిగతా వాయిదాలు పాత యజమాని కట్టేశాడా, మన నెత్తిన పెడుతున్నాడా అన్నది తేల్చుకోవడమే అసలు బేరం.

బాక్‌స్టర్‌నే ఉదాహరణగా తీసుకుంటాను. అమెరికాలో ఓ మోస్తరు జీతగాడికి అందే ధరలో దొరికే మిడ్ ఇంజిన్ కార్లలో ఎక్కువగా కనబడేది ఇదే. 1993 డెట్రాయిట్ షోలో నమూనాగా చూపించి, 1996లో అమ్మకానికి పెట్టారు. మొదట 2.5 లీటర్ల ఇంజిన్. 2000 మోడల్ నుంచి మామూలు కారుకు 2.7, 'ఎస్' రకానికి 3.2. ఆరు సిలిండర్లు అటు మూడు, ఇటు మూడు పడుకుని ఉంటాయి. పోర్షా అనగానే అన్నీ జర్మనీలోనే తయారయ్యాయనుకుంటాం. ఈ కార్లలో చాలావాటిని ఫిన్లాండ్‌లో వాల్మెట్ కంపెనీ బిగించింది. ఛాసిస్ నంబరులో 11వ అక్షరం 'యు' అయితే ఫిన్లాండ్‌ది, 'ఎస్' అయితే ష్టుట్‌గార్ట్‌ది. నాణ్యతలో తేడా ఉందని నేను అనుకోను. అమ్మేవాళ్లు మాత్రం రెండో అక్షరాన్ని కాస్త గట్టిగా పలుకుతారు.

ఈ కారు గురించి ఎవరినడిగినా మొదట వినబడే మాట ఐఎమ్ఎస్ బేరింగ్. క్రాంక్ షాఫ్ట్ తిరుగుడును రెండు పక్కల ఉన్న క్యామ్ షాఫ్ట్‌లకు అందించడానికి మధ్యలో ఒక దళారీ షాఫ్ట్ ఉంటుంది, ఐఎమ్ఎస్ అంటే అదే. దాని ఒక కొసన, గేర్ బాక్సు వైపు, గ్రీజు నింపి సీలు వేసిన బాల్ బేరింగ్ పెట్టారు. కాలం గడిచేకొద్దీ సీలు వదులై ఇంజిన్ ఆయిల్ లోపలికి చేరుతుంది, గ్రీజు కొట్టుకుపోతుంది. అటు గ్రీజూ లేక, ఇటు సరిపడా ఆయిలూ ఆడక గుండ్లు అరుగుతాయి. ఒకరోజు బేరింగ్ పగిలి షాఫ్ట్ ఊగితే గొలుసు పళ్లు దాటుతుంది, వాల్వులు పిస్టన్లకు తగులుతాయి. అంతే, ఇంజిన్ పని అయిపోతుంది. మళ్లీ కట్టించిన ఇంజిన్ ఖరీదు చాలాసార్లు కారు ఖరీదునే దాటుతుంది.

భయపడి పారిపోవాల్సినంత ఉందా? లేదనే నా అభిప్రాయం. అమెరికాలో దీని మీద నడిచిన సామూహిక దావాలో బయటికొచ్చిన లెక్కల ప్రకారం మొదటి ఏళ్లలో వాడిన రెండు వరుసల బేరింగులు చెడింది నూటికి ఒకటి లోపే. తర్వాత వచ్చిన ఒంటి వరుస బేరింగుల్లో నూటికి ఎనిమిది. సుమారుగా 2000 నుంచి 2005 దాకా వచ్చిన కార్లలో ఉన్నది ఈ ఒంటి వరుసదే. నూటికి తొంభైరెండు బాగానే ఉన్నాయని ధైర్యం తెచ్చుకోవచ్చు, మిగతా ఎనిమిదిలో మనం లేమని ఎవరు రాసిస్తారు? 2006 నుంచి 2008 దాకా పెద్ద బేరింగ్ వేశారు. అది గట్టిదే, కాకపోతే ఇంజిన్‌ని రెండుగా విప్పకుండా బయటికి రాదు. 2005లో రెండు రకాలూ కలిసి వచ్చాయి. 2009 మోడల్‌తో కొత్త ఇంజిన్ వచ్చి, ఆ దళారీ షాఫ్టే పోయింది. జేబు ఒప్పుకుంటే ఆ ఏడాది నుంచే చూడమంటాను.

ఒప్పుకోకపోతే, బేరింగ్ మార్చిన కారు కోసం వెతకాలి. గేర్ బాక్సు దించితే గానీ బేరింగ్ అందదు. గేర్ బాక్సు దించినప్పుడే క్లచ్ కూడా చేతికొస్తుంది, క్రాంక్ వెనక ఉండే ఆయిల్ సీలూ చేతికొస్తుంది. తెలిసినవాడు మూడూ ఒకేసారి మార్పిస్తాడు. అలాంటి రసీదు ఒక్కటి కనబడితే చాలు, ఆ కారును చూసుకున్నవాడు ఎలాంటివాడో తెలిసిపోతుంది. పాత బేరింగే ఉంటే ఆయిల్ ఫిల్టర్ విప్పించి, మడతల్లో లోహపు పొడి ఉందేమో ఎండలో పెట్టి చూడమనండి. బంగారపు రజనులా సన్నగా మెరిసినా సరే, ఆ కారు వదిలేయండి.

బేరింగ్ భయంలో పడి తక్కినవి మరిచిపోతుంటారు. 2006-08 పోర్షా కేమన్ ఎస్‌లోనూ, 2007-08 బాక్‌స్టర్ ఎస్‌లోనూ ఉన్న 3.4 లీటర్ల ఇంజిన్లలో సిలిండర్ గోడలు గీతలు పడటం ఎక్కువగా బయటపడింది. ప్లగ్గుల రంధ్రాల్లోంచి సన్నటి కెమెరా పంపి చూడాలి. మామూలు తనిఖీలో ఇది ఉండదు, అడిగి చేయించుకోవాలి. ముందు బంపర్ పక్క రంధ్రాల్లో టార్చి వేసి చూడండి. లోపల రేడియేటర్లు ఉంటాయి. ఎండాకులు చేరి, తడికి కుళ్లి, ఏసీ కండెన్సర్‌ని తినేస్తాయి. టాపు పక్కన నీళ్లు దిగే రంధ్రాలు పూడితే వాన నీరు కారులోకి వస్తుంది. అలారమూ తాళమూ చూసుకునే ఎలక్ట్రానిక్ పెట్టె డ్రైవర్ సీటు కిందే, నేల మీద ఉంటుంది. సీటు వెనక్కి జరిపి కార్పెట్‌ని అరచేత్తో గట్టిగా అదమండి. చెమ్మ తగిలితే, ముక్క వాసన వస్తే, బేరం అక్కడే ఆపొచ్చు. 2002 దాకా వెనక అద్దం ప్లాస్టిక్‌ది, పసుపెక్కి మడత దగ్గర చిట్లుతుంది. 2003 నుంచి గాజుది.

ఇంజిన్ చల్లగా ఉండగానే స్టార్ట్ చేయమనండి. మనం వెళ్లేసరికే వేడిగా ఉంటే ఎందుకు వేడి చేశారో ఆలోచించాలి. మొదట్లో పొగ కాస్త గుప్పున వచ్చి ఆగితే ఫరవాలేదు. సిలిండర్లు పడుకుని ఉంటాయి కాబట్టి రాత్రంతా ఒక చుక్క ఆయిల్ లోపలికి జారుతుంది. తెల్లటి పొగ ఆగకుండా గుప్పుగుప్పున వస్తుంటే ఆయిల్ ఆవిరిని వేరుచేసే భాగం పోయిందని అర్థం. మాన్యువల్ గేర్ కారైతే కంప్యూటర్‌లో ఇంజిన్ హద్దు దాటి ఎన్నిసార్లు తిరిగిందో, ఎన్ని గంటల వయసులో తిరిగిందో నమోదై ఉంటుంది. మెకానిక్‌ని అది తీయమనండి. ఐదు నుంచి నాలుగుకు బదులు రెండుకు వేసిన పాపం అందులో రాసి ఉంటుంది.

ఇక బొంగరం గుణం. నడుమ బరువున్న కారు తొందరగా తిరుగుతుంది, పట్టు తప్పితే అంత తొందరగానూ సుడి తిరుగుతుంది. మలుపులో వేగంగా పోతూ భయపడి యాక్సిలరేటర్ వదిలేస్తే బరువు ముందుకు ఒరిగి వెనక చక్రాలు తేలికవుతాయి. వెనక భాగం ముందుకు రావాలని చూస్తుంది. 1989లో వచ్చిన రెండో తరం టొయోటా ఎమ్ఆర్2కు ఈ విషయంలో చెడ్డపేరు వచ్చి, తర్వాత సస్పెన్షన్ మార్చారు. అందుకే టైర్లు చూడాలి. పక్కన అచ్చువేసిన చివరి నాలుగు అంకెలు వారమూ సంవత్సరమూ: 2319 అంటే 2019లో 23వ వారం. అరుగుదల బాగున్నా ఏడెనిమిదేళ్ల టైరు గట్టిపడి ఉంటుంది. ముందు ఒక కంపెనీవి, వెనక చవకరకం మరొకటి వేసినవాడు ఆయిల్ దగ్గర ఉదారంగా ఉండి ఉంటాడా?

టొయోటా అన్నాను కదా, ఆ పేరు వినగానే దిగులుండదనుకుంటారు. చాలావరకు నిజమే. 2000 నుంచి 2005 దాకా అమెరికాలో అమ్మిన ఎమ్ఆర్2 స్పైడర్ విడిభాగాలు చవక, బరువు సుమారు టన్నే. కానీ తొలి ఏళ్ల కార్లలో ఎగ్జాస్ట్ మొదట్లో ఉన్న చిన్న క్యాటలిటిక్ కన్వర్టర్లు పొడైపోయి, ఆ పింగాణీ పొడిని ఇంజిన్ లోపలికి పీల్చుకునేది. వాటిని తీసేశారా, ఆయిల్ తాగుతోందా, ఈ రెండూ అడిగితే సగం పని అయినట్టే. సామాను చోటు మాత్రం ఆశించకండి, కూరగాయల సంచి పెట్టినా ఆలోచించుకోవాలి. అమెరికాలో అమ్మిన లోటస్ ఎలీస్‌లోనూ ఇంజిన్ టొయోటాదే. అందులో భయం ఇంజిన్‌తో కాదు, ముందు భాగమంతా ఒకే ఫైబర్ తొడుగు కావడంతో. పార్కింగ్‌లో చిన్న దెబ్బ తగిలినా బిల్లు పెద్దది.

మనవాళ్లకో మాట. ఇష్టపడి కొన్నాం కదా, తిరిగి వెళ్లేటప్పుడు హైదరాబాద్ తీసుకుపోదాం అనుకోకండి. మూడేళ్లు దాటిన పాత కారును ఇండియా మామూలుగా రానివ్వదు, ఎడమ స్టీరింగ్‌ను అసలే ఒప్పుకోదు. అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఇద్దరినీ ఎక్కించుకోవడానికీ కుదరదు, ఉన్నవి రెండు సీట్లే. ఇంట్లో ఇంకో కారు ఉన్నాకే దీని ఆలోచన.

ఆ శనివారం సంగతి చెప్పి ముగిస్తాను. వెండి కారు రసీదులు అడిగితే పెద్దాయన ఒక్క కాగితం ఇచ్చాడు, నాలుగేళ్ల కిందటి ఆయిల్ మార్పుది. "నేను నడిపింది తక్కువ కదా" అన్నాడు. ఆయన అబద్ధమేమీ చెప్పలేదు. నడపకపోయినా ఆయిల్ పాతబడుతుంది, సీళ్లు ఎండుతాయి అని ఆయనకెవరూ చెప్పలేదంతే. తమ్ముడికి మనసొప్పలేదు, దారంతా మాట్లాడలేదు. రెండు నెలలకు లక్షా నాలుగు వేల మైళ్లు తిరిగిన 2001 కారు తెచ్చుకున్నాడు. తలుపు మీద సొట్ట, వెనక ప్లాస్టిక్ అద్దం పసుపు. దాంతోపాటు జానెడు మందం ఫైలు: ఐదు వేల మైళ్లకోసారి ఆయిల్, 71 వేల దగ్గర క్లచ్, సీలు, బేరింగ్ ఒకే బిల్లులో.

మరదలు కారు చుట్టూ ఒకసారి తిరిగి, "బావగారూ, కొత్తగా ఉన్నదాన్ని వద్దని దీన్ని కొనిపించింది మీరేనా?" అంది. నేను ఫైలు తీసి ఆమె చేతికిచ్చాను. ఆమె అకౌంటెంట్. రెండో పేజీ దాటాక కుర్చీ లాక్కుని కూర్చుంది.